చిప్పులో చిక్కుకున్న పెళ్లిళ్లు

తెల్లవారుజాము ముహూర్తం. జీలకర్ర బెల్లం పెట్టారు, మూడు ముళ్లు పడ్డాయి, తలంబ్రాలు పోసుకున్నారు. బంధువులు టిఫిన్ల వైపు కదిలారు. పంతులుగారు సంచీ సర్దుకుంటున్నారు. అందరికీ పని అయిపోయిన ఆ వేళ ఫొటోగ్రాఫర్‌కు మాత్రం అసలు భయం మొదలవుతుంది. కెమెరా పక్కనున్న చిన్న తలుపు తెరిచి, కార్డు బయటికి లాగి, ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి మూత నొక్కుతాడు. ఆ డబ్బీ చొక్కా జేబులోకి వెళ్తుంది. ఇంటికి చేరి సిస్టమ్ ముందు కూర్చునేదాకా అతని చెయ్యి పదిసార్లయినా ఆ జేబును తడుముతుంది. కెమెరా పోతే అప్పు చేసైనా ఇంకొకటి కొనుక్కుంటాడు. కార్డు పోతే మాత్రం ఆ వధూవరుల చేత మళ్లీ తలంబ్రాలు పోయించలేడు.

32 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు. ఎస్‌డీ కార్డు కొలతలు ఇంతే. రెండు కుటుంబాలు రెండేళ్లు కూడబెట్టి చేసిన పెళ్లి మొత్తం కొన్ని గంటలపాటు ఆ కాస్త జాగాలో, ఒకే ఒక్క ప్రతిగా ఉంటుంది. అందుకే పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లు రెండు కార్డులు పట్టే కెమెరా కోసం పట్టుబడతారు. ఒకే బొమ్మ ఒకేసారి రెండింటిలోకీ ఎక్కుతుంది కాబట్టి ఒకటి మొండికేసినా రెండోది ఆదుకుంటుంది. 2018లో నికాన్ జెడ్6, జెడ్7 కెమెరాలు ఒక్క కార్డు గూటితో వస్తే ఈ వృత్తిలోని వాళ్లు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. 2020లో వచ్చిన తర్వాతి మోడళ్లకు నికాన్ రెండు గూళ్లు పెట్టింది.

కెమెరా కొనేవాళ్లు మెగాపిక్సెళ్లు అడుగుతారు, జూమ్ ఎంతో అడుగుతారు, లెన్సు గురించి వాకబు చేస్తారు. తీసిన ఫొటో కంప్యూటర్లోకి ఎలా వెళ్తుంది, వెళ్లాక ఎక్కడుంటుంది అని అడిగేవాళ్లు తక్కువ. పోయిన ఫొటోల కథలు వింటే మాత్రం, చాలావరకు అవి ఈ అడగని చోటే పోయాయని తెలుస్తుంది. బటన్ నొక్కడంలో పొరపాటు జరిగితే ఒక్క ఫొటో చెడుతుంది. బదిలీలో పొరపాటు జరిగితే పెళ్లంతా పోతుంది.

మొదటి డిజిటల్ ఫొటోకే ఈ ఇబ్బంది ఎదురైంది. 1975లో అమెరికాలోని రోచెస్టర్‌లో, కొడాక్ ప్రయోగశాలలో స్టీవెన్ శాసన్ అనే యువ ఇంజినీరు సుమారు మూడున్నర కిలోల పెట్టె ఒకటి తయారు చేశాడు. లెన్సు సూపర్-8 మూవీ కెమెరాది. వెలుగును పట్టే సీసీడీ చిప్పులో అడ్డంగా 100, నిలువుగా 100, మొత్తం 10,000 చుక్కలు. ఈ సీసీడీని 1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టారు. 2009లో ఇద్దరికీ భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. శాసన్ పెట్టె బొమ్మను క్షణంలో పట్టేది. దాన్ని క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి మాత్రం 23 సెకన్లు పట్టేది. ఆ టేపును ఇంకో యంత్రంలో పెట్టి టీవీ తెర మీద చూసుకోవాలి.

ల్యాబులోనే పనిచేసే ఒక యువతిని నిలబెట్టి మొదటి బొమ్మ తీశారు. టేపు తెచ్చి చూస్తే తెర మీద జుట్టు, వెనకున్న గోడ తెలుస్తున్నాయి, ముఖం ఉండాల్సిన చోట చెల్లాచెదురైన చుక్కలున్నాయి. వెతకగా తప్పు చూపించే యంత్రంలో దొరికింది. అంకెల్ని చదవాల్సిన వరుసకు అది తలకిందులుగా చదువుతోంది. కొన్ని తీగలు అటూ ఇటూ మార్చి కలిపారు, ముఖం వచ్చేసింది. కెమెరా సరిగ్గానే పనిచేసింది, టేపులోనూ బొమ్మ సరిగ్గానే ఉంది. అక్కడినుంచి తెర దాకా నడిచిన దారిలోనే చిక్కు వచ్చిపడింది.

ఆ తర్వాత పదిహేను, ఇరవై ఏళ్లకు ఈ కెమెరాలు బజారులోకి వచ్చాయి. 1990 దశకం మొదట్లో వచ్చిన డైకామ్ మోడల్-1లో ఫిల్మ్ రీలూ లేదు, కార్డూ లేదు. ఒక మెగాబైటు ర్యామ్‌లో 32 నలుపు తెలుపు బొమ్మలు ఉండేవి. బ్యాటరీ అయిపోతే బొమ్మలు కూడా అయిపోయినట్టే. అంటే కంప్యూటరు చేరేదాకా ఫొటోకు గడియారంతో పందెమే. 1994లో ఆపిల్ 749 డాలర్ల ధరకు క్విక్‌టేక్ 100 తెచ్చింది. మంచి నాణ్యతలో ఎనిమిది ఫొటోలు పట్టేవి. తీసిన బొమ్మ చూసుకునే తెర లేదు. చెరిపేసే బటన్ ఉండేది గానీ నచ్చని ఒక్క ఫొటోను చెరపడం కుదరదు, నొక్కితే అన్నీ పోతాయి. కేబుల్ కలిపి కంప్యూటర్లోకి దించుకుంటే తప్ప ఏం తీశారో ఎవరికీ తెలియదు.

ఆ కాలపు కేబుల్ సీరియల్ పోర్టుది. వేగంగా నడిస్తే సెకనుకు 11 కిలోబైట్లు దాటేది కాదు. ఎనిమిది మెగాబైట్ల కార్డు ఖాళీ కావడానికి 12 నిమిషాలు పట్టేది. పైగా మౌస్‌కు ఒక పోర్టు, ప్రింటరుకు ఇంకొకటి, మోడెమ్‌కు వేరొకటి. ఒకటి కలిపితే కంప్యూటరు ఆపి మళ్లీ వేయాలి. ఈ విసుగంతా తీర్చింది యూఎస్‌బీ. ఇంటెల్‌లో ఆ పనిని ముందుండి నడిపినవారిలో ముఖ్యుడు అజయ్ భట్. గుజరాత్‌లో పుట్టి, వడోదరలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో చదివిన ఇంజినీరు. ఇంట్లో ప్రింటరు కలపడానికి పడ్డ తంటాలే తనను ఆలోచింపజేశాయని ఆయన ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఏడు కంపెనీలు కలిసి 1996 జనవరిలో మొదటి ప్రమాణాన్ని ప్రకటించాయి. 2000లో యూఎస్‌బీ 2.0, 2008లో యూఎస్‌బీ 3.0 వచ్చాయి.

ఈ అంకెలు ఏం తేడా తెచ్చాయో తెలియాలంటే పెళ్లి లెక్కే వేసి చూడాలి. 3,000 ఫొటోలు, ఒక్కో రా (RAW) ఫైలు 30 ఎంబీ అనుకుంటే మొత్తం 90 జీబీ. మొదటి తరం యూఎస్‌బీ మీద నిజంగా అందే వేగం సెకనుకు ఒక మెగాబైటు. ఆ లెక్కన పెళ్లి కంప్యూటరు చేరడానికి 25 గంటలు. యూఎస్‌బీ 2.0 మీద సెకనుకు 35 ఎంబీ వస్తే ముప్పావు గంట లోపు. 3.0 రీడరు, మంచి కార్డు ఉంటే పదిహేడు నిమిషాలు. అప్పగింతల ఏడుపులు ఆగేలోపే పెళ్లి హార్డ్ డిస్కులో ఉంటుంది.

వేగం ఒక్కటే చాలదు, కెమెరా మాట కంప్యూటరుకు అర్థం కావాలి. ఏ కంపెనీ కార్డు పెట్టినా లోపల డీసీఐఎం అనే ఫోల్డరు కనిపిస్తుంది. దాని లోపల 100తో మొదలయ్యే ఫోల్డరు, అందులో నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలతో ఫొటోల పేర్లు. ఇది కాకతాళీయంగా వచ్చిన పోలిక కాదు. జపాన్ కెమెరా కంపెనీలు కూర్చుని 1998లో ఒప్పుకున్న నియమం. దాని పుణ్యమా అని కానన్ కార్డును నికాన్‌లో పెట్టినా, సోనీ కార్డును స్టూడియో సిస్టమ్‌లో పెట్టినా బొమ్మలు ఎక్కడున్నాయో వెతుక్కోనక్కర్లేదు. ఈ రోజు ఫోనులోనూ అదే ఫోల్డరు ఉంది.

కార్డుల విషయంలో మాత్రం కంపెనీలు చాలాకాలం ఒక్కమాట మీదికి రాలేదు. 1994లో కాంపాక్ట్‌ఫ్లాష్, 1995లో స్మార్ట్‌మీడియా, 1998లో సోనీ మెమరీ స్టిక్, 1999లో పానాసోనిక్, తోషిబా, శాన్‌డిస్క్ కలిసి ప్రకటించిన ఎస్‌డీ, 2002లో ఒలింపస్, ఫ్యూజీల ఎక్స్‌డీ. చివరికి జనం చేతుల్లో నిలిచింది ఎస్‌డీ. మిగతావి చాలా ఇళ్లలో బీరువా అడుగున, చనిపోయిన కెమెరాల తోలు సంచుల్లో ఉన్నాయి. వాటి సంగతి మళ్లీ చెప్పుకోవాలి.

తెలుగు ఇళ్లలోకి డిజిటల్ కెమెరా ఎక్కువగా 2000 తర్వాత వచ్చింది. అమెరికా నుంచి సెలవులకొచ్చిన కొడుకో అల్లుడో తెచ్చిన చిన్న కెమెరా అమ్మానాన్నల దగ్గర ఉండిపోయేది. ఫొటోలు తీయడం వాళ్లకు వారంలో పట్టుబడింది. కంప్యూటరు మాత్రం ఇంట్లో లేదు. కార్డు నిండగానే వీధి చివర స్టూడియోకో, నెట్ సెంటరుకో వెళ్లేవారు. ‘చిప్పు ఇచ్చి వెళ్లండి బాబాయ్, సాయంత్రానికి సీడీ కొట్టి పెడతాను’ అనేవాడు అక్కడి కుర్రాడు. 700 ఎంబీ సీడీలో రెండేసి ఎంబీల ఫొటోలు 350 దాకా పట్టేవి. సీడీ మీద స్కెచ్ పెన్నుతో ‘చిన్నోడి అన్నప్రాశన’ అని రాయించుకుని, చిప్పు ఖాళీ చేయించుకుని ఇంటికెళ్లేవారు. ఒక తరం పిల్లల బాల్యం ఇలా ఊరూరా స్టూడియోవాళ్ల చేతుల మీదుగా భద్రమైంది. ఆ కుర్రాళ్లకు ఈ సమాజం ఎంతో కొంత రుణపడి ఉంది.

ఆ కేంద్రాల్లోనే ఇంకో బెడదా ఉండేది. పొద్దంతా వందమంది పెన్‌డ్రైవులు గుచ్చి తీసే కంప్యూటరులో వైరస్ లేకపోతే ఆశ్చర్యం. కార్డు పెట్టగానే అది ఎక్కేసేది. ఇంటికి తెచ్చి చూస్తే ఫోల్డర్ల స్థానంలో షార్ట్‌కట్లు ఉండేవి. ఫొటోలు పోయాయని ఏడ్చి కార్డు ఫార్మాట్ కొట్టించుకున్నవాళ్లున్నారు. నిజానికి ఆ వైరస్‌లలో చాలావాటికి ఫొటోలు చెరిపే పని లేదు, వాటిని కనిపించకుండా దాచి తమ షార్ట్‌కట్ ముందు పెట్టేవి, అంతే. దాచిన ఫైళ్లు చూపించమని అడిగితే అన్నీ అక్కడే ఉండేవి. యూఎస్‌బీ పెట్టగానే ప్రోగ్రాములు వాటంతటవే నడిచే పద్ధతిని పాత విండోస్‌లలో మైక్రోసాఫ్ట్ 2011 ఫిబ్రవరిలో అప్‌డేట్ ద్వారా ఆపించాక ఈ పీడ కొంత తగ్గింది.

దీనికి విరుగుడు కార్డు మీదే ఉంది. ఎస్‌డీ కార్డు ఎడమ అంచున చిన్న మీట ఉంటుంది. దాన్ని లాక్ వైపు జరిపితే కార్డులోంచి చదవొచ్చు గానీ రాయడం, చెరపడం కుదరదు. మీట ఎటుందో చూసి రాయకుండా ఆగేది రీడరే కాబట్టి రీడరు సవ్యమైనదై ఉండాలి. మైక్రో ఎస్‌డీకి ఈ మీట లేదు, దాన్ని తొడిగే అడాప్టరుకు ఉంటుంది. తెలియని సిస్టమ్‌లో కార్డు పెట్టే ప్రతిసారీ ముందు ఆ మీట జరపడం అలవాటైతే సగం గండాలు గడుస్తాయి.

ఇక బదిలీ. కెమెరాకు నేరుగా కేబుల్ కలపొచ్చు. అయితే అది కెమెరా బ్యాటరీ మీద నడుస్తుంది, సగంలో చార్జింగ్ అయిపోతే కాపీ ఆగుతుంది. పాత చిన్న కెమెరాలు కొన్నింటికి కేబుల్ చివర వాటి కంపెనీ సొంత ఆకారంలో ఉండేది, ఇప్పుడు దొరకడం కష్టం. అందుకే అనుభవమున్న వాళ్లంతా కార్డు తీసి రీడరులో పెట్టే పద్ధతినే వాడతారు. ల్యాప్‌టాప్‌లో కార్డు గూడు ఉంటే ఇంకా సుఖం. 2016లో ఆపిల్ మ్యాక్‌బుక్ ప్రో నుంచి ఆ గూటిని తీసేసింది. ఫొటోగ్రాఫర్ల గోడు అయిదేళ్లు విన్నాక 2021లో మళ్లీ పెట్టింది.

రీడరులో పెట్టాక చేయాల్సింది కాపీ. కట్ చేసి పేస్ట్ చేయడం కాదు. కట్ చేస్తే కంప్యూటరులోకి వెళ్లిన ప్రతి ఫైలూ కార్డులోంచి తుడిచిపెట్టుకుపోతుంది. వెళ్లిన ఫైలు దారిలో చెడిపోయి ఉంటే తిరిగి చూసుకోవడానికి మూలం ఉండదు. సగం కాపీ అయిన జేపెగ్ చూడటానికి భయంగా ఉంటుంది: పైన పెళ్లికూతురి బాసికం, బొట్టు, కళ్లు కనిపిస్తాయి, ఆ కింద బూడిదరంగు పట్టీ. అందుకే కాపీ అయ్యాక రెండు వైపులా ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు సరిచూడాలి. మొదట్లోవి, మధ్యలోవి, చివర్లోవి కొన్ని ఫొటోలు పెద్దవి చేసి తెరవాలి. కాపీ చేస్తూనే మూలంతో సరిపోల్చి చెప్పే టెరాకాపీ లాంటి ప్రోగ్రాములు ఉన్నాయి, వృత్తిలో ఉన్నవాళ్లకు అవి తప్పనిసరి. కార్డు బయటికి లాగేముందు ఎజెక్ట్ నొక్కి, లైటు ఆరేదాకా ఆగడానికి పట్టేది అరనిమిషం.

ఫోల్డరు పేరు దగ్గర చాలామంది తొందరపడతారు. ‘న్యూ ఫోల్డర్’, ‘న్యూ ఫోల్డర్ 2’, ‘ఫొటోస్ కొత్తవి’. ఏడాది తర్వాత అందులో ఏముందో పెట్టినవాళ్లకే తెలియదు. సంవత్సరం, నెల, తేదీ ఆ వరుసలో అంకెలు వేసి పక్కన సందర్భం రాస్తే, కంప్యూటరు వాటిని తనంతట తానే కాలక్రమంలో పేరుస్తుంది. 2024-08-22 అని వేసి పక్కన ‘అక్క పెళ్లి’ అని తెలుగులోనే రాసుకోవచ్చు. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పు నుంచే తెలుగు లిపి అందులో ఉంది, ఇప్పటి విండోస్, మ్యాక్ రెండూ తెలుగు పేర్లను ఇబ్బంది లేకుండా తీసుకుంటాయి.

సందర్భానికో ఫోల్డరు ఎందుకంటే కెమెరా పెట్టే పేర్లలో ఒక ఉచ్చు ఉంది. నాలుగు అంకెలే కాబట్టి లెక్క 9999 దగ్గర ఆగి మళ్లీ 0001 నుంచి మొదలవుతుంది. పెళ్లికి 3,000 తీసే ఫొటోగ్రాఫర్ నాలుగో పెళ్లి మధ్యలో ఉండగానే పాత పేర్లు తిరిగొస్తాయి. అన్నీ ఒకే ఫోల్డరులో వేసేవాళ్లను కంప్యూటరు అప్పుడు అడుగుతుంది: ఈ పేరుతో ఫైలు ఉంది, దాని స్థానంలో దీన్ని పెట్టాలా అని. నిద్రమత్తులో ‘అవును, అన్నింటికీ’ అని నొక్కితే కొత్త పెళ్లి వచ్చి పాత పెళ్లి మీద కూర్చుంటుంది. అలా పోయిన ఫైళ్లను తిరిగి రాబట్టడం చెరిపిన వాటిని రాబట్టడం కన్నా కష్టం.

పేరు కన్నా విలువైంది ఫొటో కడుపులో ఉండే సమాచారం. ఎక్సిఫ్ అనే ఆ చీటీలో ఏ కెమెరా, ఏ లెన్సు, ఎంత వెలుగు, ఏ తేదీ, ఏ గంట, ఏ సెకను అన్నీ ఉంటాయి. 1995లో జపాన్‌లో పుట్టిన ఈ ప్రమాణానికి చాలాకాలం ఒక లోటు ఉండేది. గంట రాసేది గానీ అది ఏ దేశపు గంటో రాసేది కాదు. 2016లో గానీ ఆ వీలు రాలేదు. ఆగస్టులో గుంటూరులో ఉదయం తొమ్మిదికి తాళి కడుతున్నారనుకుందాం. కాలిఫోర్నియా నుంచి వచ్చిన అన్నయ్య కెమెరాలో గడియారం మార్చలేదు. అక్కడి సమయం వేసవిలో పన్నెండున్నర గంటలు వెనక, కాబట్టి అతను తీసిన మాంగల్యధారణ మీద ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నర అని పడుతుంది. స్టూడియో ఫొటోలతో కలిపి తేదీలవారీగా పేరిస్తే తాళి కట్టాక వరపూజ జరిగినట్టు కనిపిస్తుంది. ఎక్సిఫ్‌టూల్, లైట్‌రూమ్ లాంటివి గంటల్ని ఒక్కసారిగా జరపగలవు. అంతకన్నా తేలిక ఉపాయం, పని మొదలుపెట్టే ముందు అన్ని కెమెరాలతోనూ ఒకే గడియారాన్ని ఒక ఫొటో తీయడం. ఎవరిది ఎంత ముందో వెనకో ఆ ఒక్క ఫొటోతో తేలిపోతుంది.

ఇన్ని జాగ్రత్తల తర్వాతా చెయ్యి జారొచ్చు. కార్డు ఖాళీ అయిందనుకుని ఎవరో ఫార్మాట్ కొట్టేస్తారు. ఆ క్షణంలో తెలియాల్సిన సంగతి ఒకటుంది. సాధారణంగా చెరిపినా, త్వరగా అయ్యే మామూలు ఫార్మాట్ కొట్టినా ఫొటోలు వెంటనే పోవు. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికలో గుర్తు మారుతుంది, అంతే. హాజరు పట్టీలో పేరు కొట్టేసినా పిల్లవాడు బెంచీ మీదే కూర్చున్నట్టు, ఫొటో తాలూకు అంకెలు ఉన్నచోటే ఉంటాయి. ఆ జాగాలో కొత్త ఫొటో వచ్చి పడినప్పుడే అవి నిజంగా పోతాయి. కాబట్టి పొరపాటు తెలిసిన మరుక్షణం ఆ కార్డుతో ఒక్క ఫొటో కూడా తీయకూడదు. బయటికి తీసి, లాక్ మీట జరిపి పక్కన పెట్టాలి. క్రిస్టోఫ్ గ్రెనియర్ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ రాసిన ఫొటోరెక్ పూర్తిగా ఉచితం. అది పట్టికను పట్టించుకోకుండా కార్డు మొత్తం వెతికి, జేపెగ్ మొదలయ్యే గుర్తులు పట్టుకుని ఫొటోల్ని బయటికి లాగుతుంది. తిరిగొచ్చిన వాటిని అదే కార్డులోకి కాకుండా కంప్యూటరులో వేరేచోట దాచాలి. కొన్ని కెమెరాల్లో లో-లెవెల్ ఫార్మాట్ అని వేరే ఉంటుంది, అది కొడితే ఆశ చాలా తక్కువ.

కంప్యూటరులోకి చేరాక ఊపిరి పీల్చుకోవచ్చా? ఇంకా కాదు. కార్డు ఖాళీ చేస్తే హార్డ్ డిస్కులోది మళ్లీ ఒకే ఒక్క ప్రతి అవుతుంది. పీటర్ క్రో అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం చాలామంది పాటిస్తారు: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట. ఆ ‘వేరే చోట’ అన్న మాట విలువ తెలుగు నేలకు బాగా తెలుసు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖను కుదిపింది. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీల్లోకి నీరొచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. పెళ్లి ఆల్బమ్, దాని సీడీ, హార్డ్ డిస్కు మూడూ ఒకే బీరువాలో ఉన్న ఇంట్లో మూడూ ఒకేసారి తడుస్తాయి. రెండో ప్రతి అత్తగారింట్లోనో, వేరే ఊళ్లో ఉన్న తమ్ముడి దగ్గరో ఉంటే వరద వచ్చినా పెళ్లి నిలుస్తుంది.

క్లౌడ్ కూడా వేరే చోటే. కానీ అది అద్దె ఇల్లు. 2015లో మొదలైన గూగుల్ ఫొటోస్ కొంచెం కుదించిన ఫొటోలను ఎన్నయినా ఉచితంగా దాచింది. 2021 జూన్ 1 నుంచి ఆ వీలు పోయింది, జీమెయిలుతో కలిపి 15 జీబీ దాటితే డబ్బు కట్టాలి. వాట్సాప్‌లో పంపడాన్ని భద్రపరచడం అనుకునేవాళ్లూ ఉన్నారు. మామూలుగా పంపితే అది ఫొటోను బాగా కుదిస్తుంది, లోపలి తేదీ చీటీని తీసేస్తుంది. ఫోను తెరమీద తేడా తెలియదు. పెద్దగా ప్రింటు వేయించినప్పుడు తాతగారి ముఖం మసకబారుతుంది. పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపాలి, అప్పుడు మూలం చెక్కుచెదరకుండా వెళ్తుంది.

ఇప్పుడు కెమెరాలు ఎవరి దగ్గరున్నాయి, అంతా ఫోన్లే కదా అనిపించవచ్చు. నిజమే, 2010లో ప్రపంచంలో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు తయారీదారుల నుంచి బయటికి వెళ్లాయి. 2023లో అవి 80 లక్షల లోపే. కానీ ఫోను కూడా కార్డున్న కెమెరా లాంటిదే, పైగా దాన్ని దొంగలూ నీళ్లూ ఎక్కువగా వెతుక్కుంటూ వస్తాయి. ఆండ్రాయిడ్ ఫోనును కంప్యూటరుకు కలిపితే మొదట చార్జింగ్ మాత్రమే అవుతుంది. తెరమీద ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకుంటే డీసీఐఎం ఫోల్డరు తెరుచుకుంటుంది. అక్కడినుంచి అంతా పాత పద్ధతే: కాపీ, లెక్క, రెండో ప్రతి. ఒక్క జాగ్రత్త మాత్రం కొత్తది. క్లౌడుతో జతపడిన గ్యాలరీలో ఫోను ఖాళీ చేద్దామని ఫొటో చెరిపితే క్లౌడులోదీ చెరిగిపోవచ్చు.

కార్డులకు ముందు ఫొటోలు ఎంత మన్నేవో చూడండి. హైదరాబాద్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ 1905లో చనిపోయారు. ఆయన తీసిన కోటలు, దర్బారులు, వేటలు గాజు పలకల మీద ఉండేవి. ఆ పలకలు 2,800కు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి. నూరేళ్ల తర్వాత కూడా ఒక పలకను వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే అందులో ఏముందో మామూలు కంటికి కనిపిస్తుంది. రీలు కడిగించాక వచ్చే నెగెటివ్ కూడా అంతే, ముప్పై ఏళ్లు ట్రంకుపెట్టెలో పడున్నా పనికొస్తుంది. కార్డుకు ఆ ఓపిక లేదు.

ఫ్లాష్ మెమరీ అతి చిన్న గదుల్లో ఎలక్ట్రాన్లను బంధించి ఉంచుతుంది. విద్యుత్తు అందకుండా మూలన పడుంటే అవి మెల్లగా జారిపోతాయి. వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా జారతాయి. తయారీదారులు సాధారణంగా చెప్పే గడువు పదేళ్లు, అదీ మంచి పరిస్థితుల్లో. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల ఎండకు కాగే రేకుల గదిలో ఉన్న కార్డుకు ఆ పదేళ్లు కూడా నమ్మకంగా చెప్పలేం. 2008లోనో 2012లోనో తీసి, తర్వాత చూద్దాంలే అని కెమెరాలోనే వదిలేసిన ఫొటోలకు ఆ గడువు ఇప్పటికే దాటింది. పోయాయని కాదు. చాలా కార్డులను గడువు దాటాక కూడా చదవగలుగుతున్నాం. రేపు కూడా చదవగలమన్న హామీ మాత్రం లేదు.

కాబట్టి ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. బీరువా అడుగు, పాత కెమెరా సంచి, మూలపడ్డ ఫోను అన్నీ వెతకండి. దొరికిన కార్డును కెమెరాలో పెట్టి ఆన్ చేయకండి. లాక్ మీట జరిపి నేరుగా రీడరులో పెట్టండి. మెమరీ స్టిక్, ఎక్స్‌డీ, కాంపాక్ట్‌ఫ్లాష్ కూడా చదివే మల్టీ కార్డు రీడర్లు ఇంకా దొరుకుతున్నాయి. పాత సీడీలు ఉంటే వాటినీ అదే రోజు హార్డ్ డిస్కులోకి ఎక్కించండి. రెండు చోట్ల కాపీ చేసి, తెరిచి చూసి, అందులో ఉన్న మనుషుల పేర్లు తెలిసిన పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని రాసుకోండి. మీకు చేతకాకపోతే వీధి చివర స్టూడియోలో అడగండి. ఆ పని వాళ్లు ఇరవై ఏళ్లుగా చేస్తున్నారు, ఇప్పటికీ చేసి పెడతారు.